స్టీలు అతుకులకు తుప్పు ఎందుకు?

సంపాదకులు గారికి,

నమస్కారం. మన గోదావరి డెల్టాలో ఇప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలు లేని ఊరు లేదు. మేడ మీద రెయిలింగు, రొయ్యల చెరువులో నీటికి గాలి అందించే ఏరేటరు ఫ్రేము, ప్రాసెసింగ్ ప్లాంటులో బల్లలు, పాలకేంద్రంలో తొట్లు, అన్నీ స్టీలే. పెట్టించి ఏడాది తిరక్కుండానే అతుకుల దగ్గర గోధుమరంగు చారలు దిగుతున్నాయి. అంతర్వేది, నరసాపురం, యానాం వైపు అయితే ఒక్క వానాకాలం చాలు. నకిలీ స్టీలు అంటగట్టారని ఇంటివాళ్లు అంటారు. సముద్రపు గాలికి ఏం చేస్తామని షాపువాళ్లు అంటారు. కానీ గొట్టం మధ్యలో నిగనిగలాడుతూ అతుకు చుట్టూ మాత్రమే తుప్పు కనబడుతోందంటే లోపం చాలావరకు వెల్డింగులో ఉన్నట్టే. ఆ లోపాలు ఎక్కడ పుడతాయో, ఏ వరసలో వెతకాలో వెల్డర్లకూ, డబ్బు పెట్టి పని చేయించుకునేవాళ్లకూ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మనవాళ్లు ఆర్గాన్ వెల్డింగు అని పిలిచేదే టిగ్. కరగని టంగ్‌స్టన్ కడ్డీ కొసన ఆర్క్ వెలుగుతుంది. చుట్టూ ఆర్గాన్ గ్యాసు గొడుగులా కప్పుతుంది. అతుకు నింపే ఫిల్లరు రాడ్డును రెండో చేత్తో అందిస్తారు. మామూలు రాడ్డు వెల్డింగులో పూతమందు కరిగి మలినాలను కొంత తనలోకి లాక్కుంటుంది. టిగ్‌లో ఆ దిక్కు లేదు. లోహం మీద ఏముంటే అది కరిగిన లోహపు మడుగులోకి పోతుంది, గాలి తగిలితే ఆ గాలీ పోతుంది. అందుకే టిగ్‌లో వచ్చే ఇబ్బందుల్లో సగానికి పైగా రెండింటి దగ్గరే తేలతాయి: గ్యాసు, శుభ్రత. వెల్డు నల్లబడినా, బుడగలు పడినా, ఆర్క్ అటూ ఇటూ ఊగినా మన చెయ్యి ముందుగా కరెంటు నాబ్ మీదికి పోతుంది. ఆ నాబ్‌ని ఆఖరున ముట్టుకోవాలి.

గ్యాసు బాగుందో లేదో తేల్చడానికి రెండు నిమిషాల పరీక్ష ఉంది. శుభ్రంగా తుడిచిన 3 మిల్లీమీటర్ల 304 రకం స్టీలు ముక్క మీద 70 ఆంపియర్లు పెట్టి, ఫిల్లరు ఇవ్వకుండా, ఒకేచోట మూడు నాలుగు సెకన్లు ఆర్క్ నిలపండి. స్విచ్ వదిలాక టార్చి (టంగ్‌స్టన్ కడ్డీ బిగించిన పిడి) కదపకుండా గ్యాసు ఆగేదాకా అలాగే పట్టుకోండి. చుక్క వెండిలా మెరిసినా, లేత బంగారు రంగులో ఉన్నా గ్యాసు సరిగా అందుతున్నట్టు. బూడిదరంగుకు తిరిగినా, మసి పట్టినా, మధ్యలో సూదిమొన రంధ్రం పడినా గాలి దూరుతోంది. ఆ చుక్క బాగుండి, అసలు పని మీద మాత్రం బుడగలు వస్తే లోపం గ్యాసులో లేదు, ఆ లోహం మీది మురికిలోనో, అక్కడ వీచే గాలిలోనో ఉంది. ఈ ఒక్క చుక్క వెతుకులాటను రెండు ముక్కలు చేస్తుంది. షాపులో ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా ముందు చుక్క వేసి చూడటం అలవాటు చేయాలి.

చుక్క నల్లబడిందంటే గ్యాసు దారి పొడుగునా వెతకాలి. మెషిన్ మీద గ్యాసు చెక్ బటన్ ఉంటే దాన్ని నొక్కి, టార్చి కొసనున్న సిరామిక్ కప్పు మూతిని రబ్బరు ముక్కతో గట్టిగా మూయండి. గ్యాసు ధార కొలిచే ఫ్లోమీటరులో గుండు అడుగుకు పడిపోవాలి. పడకుండా తేలుతూనే ఉంటే మధ్యలో ఎక్కడో కారుతోంది. టార్చి స్విచ్ నొక్కి మాత్రం ఈ పరీక్ష చేయకండి, ఆర్క్ రాజేసే హైఫ్రీక్వెన్సీ కరెంటు షాక్ కొడుతుంది. రెగ్యులేటరు నుంచి మెషిన్ దాకా చూడాలంటే బండ వాల్వు మూసి, ముల్లు ఎక్కడుందో గుర్తు పెట్టుకుని పది నిమిషాలు ఆగండి. ముల్లు దిగిపోతే ఆ గొట్టంలోనో బిగింపులోనో కారుతోంది, సబ్బునీళ్లు పూస్తే చోటు బయటపడుతుంది. నిమిషానికి ఒక్క లీటరు కారుతున్నా వాల్వు తెరిచి ఇంటికి పోతే పన్నెండు గంటల్లో 720 లీటర్లు పోతాయి. మామూలు పెద్ద బండలో ఉండేది 7 ఘనపు మీటర్లు, అంటే 7000 లీటర్లు. పదో వంతు ఒక్క రాత్రిలో గాలిలో కలిసినట్టు.

కారిన గ్యాసు కన్నా ఆ సందులోంచి లోపలికి దూరే గాలి చేసే నష్టం ఎక్కువ. టార్చి వెనక టోపీ కింద ఒక చిన్న రబ్బరు రింగు ఉంటుంది. 17 నంబరు టార్చి 150 ఆంపియర్ల వరకే, 26 నంబరుది 200 వరకే. 17తో గంటల తరబడి 150 దగ్గర పని లాగిస్తే తల వేడెక్కి ఆ రింగు గట్టిపడి చిట్లుతుంది. ఇక అక్కణ్ణుంచి గాలి లోపలికి లాగుతుంది. బయటికి గ్యాసు శబ్దం మామూలుగానే వినబడుతుంది, గుండు సరైన అంకె దగ్గరే ఉంటుంది, వెల్డు మాత్రం జల్లెడలా వస్తుంది. రోజుల తరబడి బండలు మార్చి, మెషిన్ రిపేరుకు పంపి చూసినా అంతుపట్టని ఇబ్బంది చాలాసార్లు ఈ రింగు దగ్గరే ఉంటుంది. టార్చి విప్పినప్పుడల్లా రింగు తీసి, గోరుతో వంచి చూడాలి. మెత్తగా వంగకపోతే మార్చాలి. కడ్డీని పట్టి ఉంచే కాలెట్ బాడీ వదులుగా ఉన్నా, సిరామిక్ కప్పు అంచు పగిలినా ఇదే గతి.

ఇక మన డెల్టాకే ప్రత్యేకమైన బాధ తేమ. చుట్టూ కాలువలు, చెరువులు, తెల్లవారుజామున మంచు. రాత్రంతా ఆగి ఉన్న గొట్టంలోకి తేమ చేరుతుంది. రబ్బరు గొట్టం కంటికి కనబడకుండానే బయటి తేమను లోపలికి వదులుతుంది. టెఫ్లాన్ గొట్టంలో ఈ బాధ చాలా తక్కువ. పొద్దున మొదటి వెల్డు బుడగలు పడి, పదో వెల్డు నుంచి బాగా రావడానికి కారణం ఇదే. పని మొదలుపెట్టే ముందు రెండు నిమిషాలు గ్యాసు ఊరికే వదిలితే సరిపోతుంది. నిమిషానికి ఎనిమిది లీటర్ల ధారలో రెండు నిమిషాలంటే పదహారు లీటర్లు. 7000లో పదహారు లెక్కలోకి రాదు. అలాగే బండ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడకూడదు. కొంచెం ఒత్తిడి ఉండగానే వాల్వు మూసి పంపాలి. సున్నాకు దించి, వాల్వు తెరిచిన బండను ఎండలో పడేస్తే రాత్రి చల్లబడినప్పుడు తేమగాలి లోపలికి పోతుంది, తర్వాత నింపించుకున్నవాడు అనుభవిస్తాడు.

గ్యాసు ఎంత వదలాలన్నదాని మీద రెండు తప్పులు జరుగుతున్నాయి. పొదుపు చేద్దామని నాలుగు లీటర్లకు దించడం ఒకటి, బుడగలు వస్తున్నాయని ఇరవైకి పెంచడం రెండోది. ఆరో నంబరు కప్పు లోపలి వెడల్పు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు, దానికి నిమిషానికి 6 నుంచి 8 లీటర్లు చాలు. ఎనిమిదో నంబరు కప్పు పన్నెండున్నర, దానికి 8 నుంచి 10. సన్నటి కప్పులోంచి ఇరవై లీటర్లు తోస్తే గ్యాసు సుడి తిరిగి పక్కనున్న గాలిని తనతో లాక్కొస్తుంది. బుడగలు తగ్గకపోగా పెరుగుతాయి. ఫ్లోమీటరు గాజుగొట్టం నిట్టనిలువుగా ఉండాలి. బండను పడవలోనో ట్రక్కు ఆటోలోనో పడుకోబెట్టి వాడితే గుండు గోడకు రాసుకుని తప్పు అంకె చూపుతుంది. బండను నిలబెట్టి గొలుసు వేసి కట్టుకోవడం ప్రాణానికీ మంచిది.

మేడమీద రెయిలింగు పని చేసేవాళ్లు గాలి సంగతి ఇంకాస్త పట్టించుకోవాలి. మధ్యాహ్నం నుంచి సముద్రం వైపు గాలి లేస్తుంది. ముఖానికి చల్లగా తగిలేంత గాలి చాలు ఆర్గాన్ గొడుగు ఎగిరిపోవడానికి. పరదా కట్టుకుంటారు, అది చాలామందికి తెలుసు. తెలియనిది గొట్టం లోపలి గాలి. పొడుగాటి రెయిలింగు గొట్టం ఒక చివర తెరిచి ఉంటే గాలి అందులోంచి దూరి, మీరు అతుకుతున్న సందులోంచి బయటికి తన్నుతుంది. పైనుంచి ఎంత కప్పినా కింది నుంచి మడుగు పాడవుతుంది. గుడ్డపీలికతోనో కాగితపు ఉండతోనో రెండు చివరలూ మూసి చూడండి, అప్పటిదాకా ఉడికిన మడుగు నిమ్మళిస్తుంది. దీనికి తలకిందులుది ఇంకొకటి ఉంది. అన్నివైపులా మూసుకుపోయిన గొట్టానికి చివరి టోపీ, లేదా స్తంభం మీది గుండు అతికేటప్పుడు ఆఖరి పావు అంగుళం ఎంతకీ మూసుకోదు. మూసిన ప్రతిసారీ బుడగ పేలి రంధ్రం పడుతుంది. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి బయటికి తోస్తోంది మరి. కంటికి కనబడని చోట రెండు మిల్లీమీటర్ల బెజ్జం ముందే వేసి ఉంచితే గాలి దారి చూసుకుంటుంది. నీళ్లు దిగని చోట, కిందివైపు వేయాలి.

టంగ్‌స్టన్ విషయానికి వస్తే, వెల్డు అయ్యాక దాని కొస రంగు చూడండి. వెండిలా ఉంటే మంచిది. నీలంగా, నల్లగా ఉంటే వేడిగా ఉండగానే గ్యాసు ఆగిపోయిందన్న మాట. ఆర్క్ ఆగాక కూడా పది ఆంపియర్లకు ఒక సెకను చొప్పున చివరి గ్యాసు వచ్చేలా పెట్టుకోవాలి. వంద ఆంపియర్లకు పది సెకన్లు. ఇది గ్యాసు దండగ అని తగ్గించేవాళ్లున్నారు. ఎనిమిది లీటర్ల ధారలో పది సెకన్లంటే లీటరుంబావు పైచిలుకు. అది మిగుల్చుకుంటే టంగ్‌స్టన్ మాడుతుంది, మడుగు చివర బూడిదవుతుంది, రెండూ మళ్లీ అరగదీసుకోవాలి.

అరగదీయడంలో గీతలు కడ్డీ పొడుగునా పడాలి. అడ్డంగా పట్టి తిప్పితే గీతలు చుట్లు చుట్టినట్టు పడి ఆర్క్ ఒకచోట నిలవదు. కూసుగా చేసిన భాగం కడ్డీ మందానికి రెండు నుంచి రెండున్నర రెట్లు ఉంటే చాలు. ఆ చక్రం మీద ఇనుము అరగదీయకూడదు. 1.2 మిల్లీమీటర్ల రెయిలింగు గొట్టానికి 40, 50 ఆంపియర్లు సరిపోతాయి, దానికి 1.6 కడ్డీ కావాలి. 2.4 కడ్డీ మొద్దు కొసతో 40 ఆంపియర్ల మీద వెలిగిస్తే ఆర్క్ కొస చుట్టూ తిరుగుతుంది, పని నేర్చుకునే కుర్రాడు తన చెయ్యే వణుకుతోందనుకుంటాడు. మడుగుకు తగిలి కొస మీద ముద్ద కట్టుకుంటే కొంచెం కాల్చి సరిచేద్దామనుకోకండి. ఆ ముద్ద ఉన్నంతవరకు విరిచి, మళ్లీ కూసు తీయాలి. ఎర్ర కొస కడ్డీలో థోరియం ఉంటుంది, దాని ధూళి రేడియోధార్మికం. అరగదీసేటప్పుడు మాస్కు వేసుకోవాలి. బంగారు రంగు, నీలం రంగు కొసలవి లాంథనం కడ్డీలు, అవే పని చేస్తాయి, ఈ భయం ఉండదు. షాపులు వాటికి మారడం మంచిది.

కొత్తగా కొన్న ఇన్వర్టరు రాడ్డు మెషిన్‌కే టిగ్ టార్చి తగిలించుకుని వాడేవాళ్లు ఊళ్లలో ఎక్కువ. అందులో తరచు జరిగే పొరపాటు టార్చిని ప్లస్‌కు పెట్టడం. రాడ్డు వెల్డింగు అలవాటు వల్ల అలా పెడతారు. వెలిగించిన క్షణంలో టంగ్‌స్టన్ కొస కరిగి గుండులా ఉబ్బి జారుతుంది. ఇనుముకూ స్టీలుకూ టార్చి మైనస్‌లో, ఎర్త్ క్లాంపు ప్లస్‌లో ఉండాలి. ఆ క్లాంపు కూడా రంగు మీద, తుప్పు మీద పెట్టకుండా గీకిన లోహం మీద, అతుకుకు దగ్గరగా బిగించాలి.

ఆర్క్ తుంపులు తుంపులుగా ఆగిపోతుంటే మెషిన్‌ని నిందించే ముందు ఓల్టేజీ చూడాలి. చెరువుల దగ్గర రాత్రయ్యేసరికి ఏరేటర్లన్నీ ఆన్ అవుతాయి, లైను చివరి ఇళ్లలో ఓల్టేజీ పడిపోతుంది. దానికి తోడు సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట విప్పకుండా వాడితే అది వేడెక్కి మరికొంత మింగుతుంది. పొడుగాటి వైరు లాగాల్సి వస్తే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, చుట్ట మొత్తం విప్పి వాడాలి.

లోహం శుభ్రత గురించి ఒక్కమాట చెప్పి, ఎక్కువగా జరిగే రెండు తప్పులు చెబుతాను. అతుకుకు రెండువైపులా అంగుళం మేర మెరిసేదాకా గీకి, అసిటోన్ తడిపిన తెల్లగుడ్డతో తుడవాలి. గుడ్డకు నలుపు అంటనంతవరకు తుడవాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరు లాంటి ద్రావకాలు వాడకూడదు, ఆర్క్ వేడికి వాటి ఆవిరి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది. ఫిల్లరు రాడ్డునూ తుడవాలి. రాడ్డు కొసను అందించే మధ్యలో గ్యాసు గొడుగు బయటికి లాగితే ఎర్రటి కొస గాలికి మాడి, తర్వాతి చుక్కతో ఆ మాడు మడుగులోకి పోతుంది. మొదటి తప్పు, మామూలు ఇనుముకు గ్యాసు వెల్డింగు రాగిపూత రాడ్డుతో టిగ్ చేయడం. ఆ రాడ్డులో మడుగులోని ఆక్సిజన్‌ని పట్టేసే సిలికాన్ లాంటివి సరిపడా ఉండవు, అందుకే గ్యాసు ఎంత బాగున్నా బుడగలు పడతాయి. టిగ్‌కి ఈఆర్ 70ఎస్-2 గానీ, 70ఎస్-6 గానీ అడిగి కొనాలి. రెండో తప్పు జింకు పూత ఉన్న జీఐ గొట్టాన్ని అలాగే అతకడం. జింకు ఆవిరై మడుగును పొక్కులు చేస్తుంది, టంగ్‌స్టన్‌ని పాడుచేస్తుంది, ఆ పొగ పీల్చినవాళ్లకు రాత్రి చలిజ్వరం వస్తుంది. జింకు పూర్తిగా తీయగలిగితేనే టిగ్ చేయాలి.

వెల్డు ఆపేచోట నక్షత్రంలా చిన్న బీట కనబడుతుంది. కరెంటు ఒక్కసారిగా తెగడంతో చివరి గుంట కుంచించుకుని పగులుతుంది. మెషిన్‌లో కరెంటును మెల్లగా తగ్గించే డౌన్‌స్లోప్ మూడు నుంచి ఐదు సెకన్లు పెట్టి, ఆ గుంటలో ఇంకో చుక్క ఫిల్లరు వేసి, ఆర్క్‌ను మెల్లగా చల్లార్చాలి. డౌన్‌స్లోప్ లేని మెషిన్ అయితే వచ్చిన దారినే అంగుళంలో సగం వెనక్కి తీసుకెళ్లి ఆపాలి. ఏరేటరు షాఫ్టులు, ఫ్రేములు అదురుతూ పనిచేసేవి. ఆ చిన్న బీట దగ్గరే మొదలై ఒకరోజు తెల్లవారుజామున, చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గి ఉన్న గడియలో విరుగుతాయి. రైతుకు అప్పుడు పోయేది ఇనుపముక్క ఖరీదుతో తేలేది కాదు.

ఇప్పుడు తుప్పు దగ్గరికి వస్తాను. స్టీలును తుప్పు పట్టకుండా కాపాడేది అందులోని క్రోమియం. అది గాలితో కలిసి కంటికి కనబడనంత పల్చటి పొర కడుతుంది. వెల్డు పక్కన కనబడే నీలం, ఊదా, బూడిదరంగు చారలు ఆ పొర మాడి మందమైన చోటు. దాని అడుగున క్రోమియం తగ్గిపోయి ఉంటుంది. ఉప్పుగాలి ముందు కరిచేది ఆ చారనే. లేత గడ్డిరంగు వరకు ఫరవాలేదు. అది దాటి నీలమైతే శుభ్రం చేయకుండా అప్పగించకూడదు. వేడి తక్కువ పెట్టడం మొదటి మందు: ఆర్క్ పొడవు రెండు మిల్లీమీటర్లకు మించకుండా, చేతివేగం తగ్గకుండా, ఒక వరస వెల్డుకూ ఇంకో వరసకూ మధ్య లోహాన్ని 150 డిగ్రీల కిందికి చల్లారనిచ్చి చేయాలి. 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే స్టీలులోని కార్బన్ క్రోమియాన్ని పట్టేసుకుంటుంది. అందుకే కార్బన్ 0.03 శాతానికి మించని 304ఎల్ వెల్డింగుకు మంచిది, ఫిల్లరు 308ఎల్. 316 రకం స్టీలుకు 316ఎల్ ఫిల్లరు. స్టీలును మామూలు ఇనుముకు అతకాలంటే 309ఎల్.

గొట్టం లోపలి వైపు ఇంకా ఘోరంగా ఉంటుంది. బయట వెండిలా మెరిసే వెల్డు లోపల చూస్తే మాడిన పంచదార పాకంలా గరుకుగా, నల్లగా, గుల్లగుల్లగా ఉంటుంది. పాలు, తాగునీరు, చెరువునీరు పారే గొట్టంలో ఆ గరుకు సందుల్లోనే క్రిములు నిలుస్తాయి, ఉప్పు నిలుస్తుంది, అక్కణ్ణుంచే బెజ్జం పడుతుంది. దీనికి లోపల కూడా ఆర్గాన్ నింపడమే మంచి మార్గం. చాలా గ్యాసు అవుతుందని వదిలేస్తున్నారు. లెక్క వేద్దాం. రెండంగుళాల గొట్టం మీటరు పొడవుకు లోపలి ఖాళీ రెండు లీటర్లు. దాని గాలి పోవాలంటే ఐదు రెట్లు, అంటే పది లీటర్లు. నిమిషానికి ఐదు లీటర్ల చొప్పున రెండు నిమిషాల పని. ఆర్గాన్ గాలి కన్నా బరువు, కాబట్టి కింది చివర నుంచి ఎక్కించి పై చివర చిన్న బెజ్జం వదలాలి. చివరలు అల్యూమినియం రేకుతో, టేపుతో మూయొచ్చు. అతుకు సందు మీద కూడా టేపు వేసి, వెల్డు ముందుకు పోయేకొద్దీ కొంచెం కొంచెం విప్పుకుంటూ పోవాలి. వెల్డు మొదలుపెట్టాక లోపలి ధార తగ్గించాలి. ఆఖరి అంగుళం మూసేటప్పుడు ఇంకా తగ్గించాలి, లేకపోతే లోపలి ఒత్తిడి మడుగును బయటికి ఊదేస్తుంది. పై బెజ్జం మూసుకుపోయినా అంతే.

రంగుచారలు తీయడానికి పిక్లింగ్ పేస్టు వాడతారు. అందులో నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాలుంటాయి. రెండోది చర్మం మీద పడినప్పుడు వెంటనే మంట తెలియకపోవచ్చు, ఈలోగా లోపలికి దిగి ఎముక దాకా పోతుంది. పొడుగాటి రబ్బరు గ్లౌజులు, ముఖానికి అద్దం, దగ్గరలో కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేకుండా ఆ డబ్బా మూత తీయకూడదు. చర్మం మీద పడితే నీళ్లతో బాగా కడిగి, జెల్ రాసి, ఆసుపత్రికి వెళ్లాల్సిందే. పేస్టును డబ్బా మీద రాసినంతసేపే ఉంచాలి, ఎండలో ఆరిపోనివ్వకూడదు. కడిగిన నీళ్లను తొట్టిలో పట్టి సున్నం కలిపి ఆమ్లం విరిచాక, అడుగున దిగిన మడ్డిని వేరుగా తీసి పెట్టాలి. పంటకాలువలోకి, చెరువు బోదెలోకి వదిలే అలవాటు వెంటనే మానాలి. ఆ నీళ్లే తాగునీటి చెరువులకూ పోతాయి.

పేస్టు వేసినా మళ్లీ తుప్పు వస్తోందంటే ఇనుపరజను అంటుకుందన్న మాట. ఒకే షెడ్డులో గేటు కోసం ఇనుము కోస్తుంటే ఆ నిప్పురవ్వలు పక్కనున్న స్టీలు మీద పడి అతుక్కుంటాయి. ఇనుము తీసిన ఫ్లాప్ డిస్కుతోనే స్టీలును రుద్దినా, మామూలు తీగబ్రష్షు వాడినా అంతే. నాలుగు రోజుల్లో సన్నటి ఎర్రచుక్కలు లేస్తాయి. స్టీలుకు డిస్కులు, బ్రష్షు విడిగా ఉంచి వాటికి ఒక రంగు గుర్తు వేసుకోవాలి. ఇంటివాళ్లు సరుకు దించుకునే ముందే దీన్ని పట్టుకోవచ్చు: మంచినీళ్లు చల్లుతూ, ఆరనిస్తూ ఒక రోజంతా ఉంచితే ఇనుము అంటిన చోట ఎర్రచుక్క తేలుతుంది.

అయస్కాంతం పెట్టి అంటుకోలేదు కాబట్టి 304 అని చెప్పే మాట నమ్మకండి. 202 రకం స్టీలు కూడా అంటుకోదు. 304లో నికెల్ 8 శాతం ఉంటే 202లో 4 నుంచి 6, మిగతా చోటు మాంగనీసుది. తణుకు, తాడేపల్లిగూడెం లాంటి లోపలి ఊళ్లలో ఇంటిలోపల వాడుకోవడానికి 202 చెల్లుతుంది. తీరం వెంబడి, ఉప్పునీటి చెరువుల మీద చెల్లదు, అక్కడ 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉన్న 316 వేయించుకోవాలి. ఒక పట్టీ మీద ఇంకో పట్టీ వేసి అక్కడక్కడ టాకులు (చిన్న చిన్న అతుకులు) వేసి వదిలేస్తే ఆ మధ్య సందులో ఉప్పునీరు నిలిచి 316 కూడా తినేస్తుంది. చెరువులో దిగే ఫ్రేముకు చుట్టూ పూర్తిగా వెల్డు ఉండాలి.

అల్యూమినియం సంగతి వేరే ఉత్తరం అవుతుంది. దానికి ఏసీ ఉన్న మెషిన్ కావాలి, డీసీ మెషిన్‌తో ప్రయత్నించి చేతులు కాల్చుకోవద్దు. పైన పట్టే ఆక్సైడు పొర 2000 డిగ్రీలు దాటితే గానీ కరగదు, లోపలి అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. మిరియాలు చల్లినట్టు నల్లచుక్కలు వస్తే ఆ పొర సరిగా పోలేదని. ఇంజిన్ కేసింగుల్లో అయితే లోపల పీల్చుకున్న నూనె కూడా కారణం.

ఒక ప్రమాదం గురించి చెప్పకుండా ఉండలేను. ఆర్గాన్‌కు వాసన లేదు, రంగు లేదు. తొట్టిలోపల, పడవ అడుగు గదిలో, పెద్ద ట్యాంకులో కూర్చుని వెల్డు చేస్తే అది కింద నిండుతూ పోయి గాలిని పైకి తోస్తుంది. ఊపిరాడటం లేదని మనిషికి తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. లోపలికి వెళ్లే ముందు బ్లోయరు పెట్టి గాలి ఆడించాలి, పనంతసేపూ ఆడిస్తూనే ఉండాలి, భోజనానికి లేస్తే టార్చి బయటికి తెచ్చి బండ వాల్వు మూయాలి. బయట ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి. లోపల పడిపోయినవాణ్ణి లాగడానికి అతను అలాగే దూకకూడదు, ముందు గాలి ఆడించాలి.

పని చేయించుకునేవాళ్లకు ఒక విన్నపం. కొటేషన్‌లో అడుగుకు ఇంత అని మాత్రమే రాయించుకోకండి. స్టీలు గ్రేడు, స్టీలు తయారుచేసిన మిల్లు సర్టిఫికెట్టు, ఫిల్లరు నంబరు, గొట్టం లోపల ఆర్గాన్ నింపుతారా, పిక్లింగ్ చేస్తారా అన్నవి విడివిడిగా రాయించుకుని, వాటికయ్యే ఖర్చు ఇవ్వండి. ఇవన్నీ సరిగా చేసే షాపుకు ధర తక్కువ చెప్పడం కుదరదు. ఐటీఐల్లో వెల్డరు ట్రేడు నేర్పే అధికారులకు ఇంకొక విన్నపం: పిల్లలకు మొదటివారంలోనే ఆ నాలుగు సెకన్ల చుక్క వేయించి, వెనక టోపీ వదులు చేసి ఒకసారి, ఎదురుగా ఫ్యాను పెట్టి ఒకసారి, ఇరవై లీటర్లు పెట్టి ఒకసారి మళ్లీ వేయించి, నాలుగు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూపించండి. ఆ ముక్కల మీద తారీకు రాసి గోడకు తగిలించి ఉంచండి.

ఇట్లు,
ఒక వెల్డింగు శిక్షకుడు,
పాలకొల్లు.